షెడ్డులో నిలబడే స్పోర్ట్స్ కారుకు మా నూజివీడు చిట్కాలు

మా నూజివీడు చుట్టుపక్కల ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, ఏ ఊరి తోట వాకిట్లోకి వెళ్లినా ఒక రేకుల షెడ్డు, అందులో కవరు కప్పిన పాత కారు ఉండనే ఉంటాయి. అబ్బాయి అమెరికా వెళ్తూ వదిలిన హోండా సిటీ వీటెక్కో, ఇంటాయన వయసులో ముచ్చటపడి కొన్న ఫియట్ పాలియో 1.6 జీటీఎక్సో. మా ఇంట్లోది 2002 నాటి పాలియో. వంద గుర్రాల బలం ఉన్న ఇంజను, నెలకు వంద కిలోమీటర్లయినా తిరగదు. తిరగని కారుకు ఖర్చేముంటుంది అని అడుగుతారు అందరూ. తిరిగే కారు కిలోమీటర్లతో అరుగుతుంది వదినగారూ, నిలబడ్డ కారు నెలలతో పాడవుతుంది. అందుకే మీటరు చూడటం మానేసి క్యాలెండరు చూసి చేసుకునే పనులు చెబుతున్నా. అన్నీ నేను చేసి చూసినవే.

నడపడంలో

1. వారానికోసారి స్టార్ట్ చేసి, పది నిమిషాలు ఉంచి ఆపేసే అలవాటు మానేయండి. బ్యాటరీ నిండదు సరికదా, ఇంజనాయిల్లోకి పెట్రోలు, సైలెన్సర్‌లోకి నీళ్లు చేరతాయి. తాళం తిప్పితే రోడ్డెక్కించండి, లేకపోతే ముట్టుకోకండి.

2. పదిహేను రోజులకోసారి హనుమాన్ జంక్షన్ దాకా వెళ్లి రండి, రానూపోనూ నలభై కిలోమీటర్ల పైమాటే. ఆయిల్ బాగా కాగి లోపలి తేమ ఎగిరిపోతుంది, బ్యాటరీ నిండుతుంది, బ్రేకు ప్లేట్ల మీది తుప్పు రాలిపోతుంది. ఒక్క ప్రయాణానికి మూడు పనులు.

3. ఆ ప్రయాణాన్నే నెల సరుకులకో చుట్టపుచూపుకో కలుపుకోండి. కారు కోసం విడిగా పెట్రోలు తగలేసినట్టు ఉండదు, ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పరు.

4. మొదటి ఐదారు కిలోమీటర్లు నిదానంగా వెళ్లండి. వేడి చూపే ముల్లు మధ్యకు వచ్చాక కూడా ఇంకో రెండు కిలోమీటర్లు ఓపిక పట్టండి, ఎందుకంటే నీళ్లు కాగినంత తొందరగా ఆయిల్ కాగదు.

5. ఇంజను పూర్తిగా కాగాక, హైవే ఖాళీగా ఉంటే, ఒకటి రెండుసార్లు మూడో గేరులో గట్టిగా లాగండి. ఈ ఇంజన్లు పరుగు కోసం పుట్టినవి, ముసలి నడకే నడిపిస్తే లోపల మసి పేరుకుంటుంది.

6. చలికాలమైనా సరే, తీసిన ప్రతిసారీ ఏసీ పది నిమిషాలు వేయండి. గ్యాసుతో పాటు ఆయిల్ తిరిగి కంప్రెసర్ సీళ్లు ఎండిపోకుండా ఉంటాయి, ఏటా గ్యాస్ నింపించే ఖర్చు తప్పుతుంది.

7. షెడ్డులో పెట్టేటప్పుడు హ్యాండ్ బ్రేక్ లాగకండి, వానాకాలంలో బ్రేకులు పట్టేసి మెకానిక్కును ఇంటికి పిలవాల్సి వస్తుంది. గేరులో ఉంచి, చక్రాలకు ముందూ వెనకా కొయ్య ముక్కలు పెట్టండి.

8. బండి తీయలేని వారాల్లో లోపల కూర్చుని క్లచ్ పది పదిహేనుసార్లు తొక్కి వదలండి. నెలల తరబడి కదలకపోతే క్లచ్ ప్లేటు అతుక్కుపోతుంది, దాన్ని విప్పాలంటే గేర్ బాక్సే దించాలి.

బ్యాటరీ, పెట్రోలు

9. నాలుగైదు వందలు పెట్టి ఒక మల్టీమీటర్ కొనుక్కోండి. రాత్రంతా నిలబడ్డ బండి బ్యాటరీ మీద 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4కు వస్తే చార్జింగ్ పెట్టాలి, 12.2 అంటే సగం ఖాళీ.

10. షెడ్డులో కరెంటు ఉంటే, నిండగానే తనంతట తానే తగ్గించుకునే చిన్న చార్జర్ ఒకటి తగిలించి ఉంచండి. దాని ధరకు రెట్టింపు పెట్టి కొత్త బ్యాటరీ కొనే బాధ తప్పుతుంది.

11. కరెంటు లేకపోతే బ్యాటరీ మైనస్ తీగ ఊడదీయండి. తీసేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర, ఇది మరవకండి.

12. ఊడదీసే ముందు కారు స్టీరియో కోడ్ ఏదైనా ఉంటే మాన్యువల్లో వెతికి రాసిపెట్టుకోండి. కోడ్ లేక పాటలు మూగబోయిన కార్లు మా వీధిలోనే ఉన్నాయి.

13. టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి పొడిని వంటసోడా కలిపిన గోరువెచ్చటి నీళ్లతో, పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. తుడిచి ఆరబెట్టి పల్చగా వాజలీన్ రాస్తే ఏడాదిదాకా తిరిగి చూడక్కర్లేదు.

14. ఇప్పుడు బంకుల్లో దొరికే మామూలు పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది గాల్లో తేమను పీల్చుకుంటుంది. అందుకని రెండు మూడు నెలల్లో అయిపోయేంతే పోయించుకోండి.

15. వానాకాలమంతా బండి కదలదని తెలిస్తే మాత్రం లెక్క మారుతుంది, ట్యాంకు నిండుగా పోయించి పెట్టండి. లోపల ఖాళీ తక్కువైతే తేమకు చోటూ తక్కువే.

16. ఇరవై ఏళ్ల నాటి పెట్రోలు గొట్టాలు ఈ ఇథనాల్ కోసం చేసినవి కావు. వేలితో నొక్కితే గట్టిగా తగిలినా, వంచితే బీటలు కనిపించినా మార్పించండి, ఇథనాల్‌కు పనికొచ్చే రకమే కావాలని గట్టిగా చెప్పండి.

17. బానెట్ ఎత్తగానే పెట్రోలు వాసన వస్తే తాళం తిప్పకండి. మెకానిక్కు వచ్చి చూసేదాకా ఆ బండి అక్కడే ఉండాలి, ఇందులో మొహమాటాలు లేవు.

18. డ్రైవర్ సీటు కింద చేతికందేలా ఒక చిన్న అగ్నిమాపక సిలిండర్ బిగించండి. మీటరు ముల్లు ఆకుపచ్చ గీతలో ఉందో లేదో సంక్రాంతికి ఒకసారి, శ్రావణంలో ఒకసారి చూసుకుంటే చాలు.

ఆయిళ్లు, నీళ్లు, బెల్టులు

19. ఇంజనాయిల్ ఏడాదికోసారి మార్చండి, వెయ్యి కిలోమీటర్లే తిరిగినా సరే. మేం దసరాకు పెట్టుకున్నాం, ఆయుధ పూజ నాటికి కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ పడిపోతాయి, తేదీ గుర్తుపెట్టుకునే పనే లేదు.

20. డిప్‌స్టిక్ మీద, ఆయిల్ మూత లోపల పెరుగు మీగడలాంటి తెల్లటి జిడ్డు కనిపిస్తే ఇంజన్లో తేమ చేరిందని అర్థం. రెండుసార్లు దూరం తిప్పాక పోతే సరే, పోకపోతే హెడ్ గ్యాస్కెట్ చూపించండి.

21. రేడియేటర్‌లో బోరు నీళ్లు మాత్రం పోయకండి. మన బోరు నీళ్లకు గిన్నెల అడుగున పట్టే తెల్లటి చారే లోపలి సన్నటి గొట్టాల్లోనూ పడుతుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోయించండి, రెండేళ్లకోసారి ఉగాది ముందు మార్చేస్తే రోహిణి కార్తెలో కూడా బండి కాగదు.

22. కూలెంట్ డబ్బా పిల్లలకు, కుక్కలకు అందకుండా పైన పెట్టండి. రుచికి తియ్యగా ఉంటుంది, కానీ విషం.

23. బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి, బండి కదిలినా కదలకపోయినా. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు పెడల్ మెత్తబడేది అందుకే.

24. ఆ ఆయిల్ చుక్క పెయింటు మీద పడితే వెంటనే నీళ్లు కుమ్మరించండి. తుడుస్తూ కూర్చుంటే పెయింటు గుడ్డతో పాటే వచ్చేస్తుంది.

25. ఇది అన్నిటికన్నా ముఖ్యమైనది, కాస్త నిలబడి వినండి. పాలియో 1.6, ఆ రోజుల సిటీ వీటెక్, ఆక్టేవియా ఆర్ఎస్, వీటన్నిటికీ లోపల టైమింగ్ బెల్టు ఉంటుంది, అది రబ్బరు. మీటరు ముప్పై వేలే చూపిస్తోంది కదా అని వదిలేయకండి. నాలుగైదేళ్లకోసారి బెల్టు, టెన్షనర్, వీలైతే వాటర్ పంపు కలిపి మార్పించండి. బెల్టు తెగితే వాల్వులు వంగి ఇంజనే విప్పాల్సి వస్తుంది, ఆ డబ్బుతో నాలుగు బెల్టులు వేయించుకోవచ్చు.

26. పాత బండి కొత్తగా కొన్నారా? ఎప్పుడు మార్చాడో కాగితం చూపించలేకపోతే బెల్టు మార్చనట్టే లెక్క, ఇంటికి తెచ్చిన మొదటి వారంలోనే వేయించండి.

27. బెల్టు మార్చిన తేదీ తెల్ల స్టిక్కరు మీద రాసి బానెట్ లోపల అంటించండి. ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్ తేదీలూ అక్కడే రాస్తే, ఏ మెకానిక్కు వచ్చినా మళ్లీ మళ్లీ అదే పని చేసి బిల్లు వేయడు.

టైర్లు

28. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు వెతకండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని, పంక్చర్ షాపు వాళ్లు చెప్పరు, మనమే చూసుకోవాలి.

29. గీతలు కొత్తవాటిలా ఉన్నా, ఐదేళ్లు దాటాక ఏటా పగుళ్లు చూపించండి, పదేళ్లు నిండితే తీసి పారేయండి. పరుగెత్తే బండికి ఎండిన రబ్బరు టైరు ప్రాణం మీదికి తెస్తుంది.

30. స్టెప్నీ తేదీ కూడా చూడండి! చాలామంది డిక్కీలో బండి కొన్ననాటి టైరే ఉంటుంది.

31. నెలరోజులు కదలదని తెలిస్తే మామూలు కన్నా మూడు నాలుగు పాయింట్లు గాలి ఎక్కువ కొట్టించండి, రోడ్డెక్కే ముందు తగ్గించండి. వారానికోసారి పావు చక్రం ముందుకు తోస్తే ఒకే చోట చదునుపడవు.

మామిడి చెట్టుతో

ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే బయటి ఊళ్ల మెకానిక్కులకు మన తోటల సంగతి తెలియదు.

32. సంక్రాంతి చుట్టూ పూత కనబడగానే కారును చెట్టు కింద నుంచి తీసేయండి. పూత మీద చేరే తేనెమంచు పురుగు కార్చే జిగురు సన్న చినుకుల్లా కారంతా పడుతుంది, పట్టించుకోకపోతే దాని మీదే నల్లటి మసి పెరుగుతుంది.

33. జిగురు ఎండిపోతే గోరుతో గీకకండి. గోరువెచ్చటి నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డ పది నిమిషాలు పరిచి ఉంచితే తనంతట తానే కరిగి వస్తుంది, పెయింటు దెబ్బతినదు.

34. తోటలో మందు కొట్టే రోజు అద్దాలన్నీ ఎత్తి కవరు కప్పండి. మర్నాడు కవరు విడిగా ఉతికి, బండి మీద మంచినీళ్లు పోసి కడగండి, పొడిగుడ్డతో మాత్రం మొదలుపెట్టవద్దు.

35. కాయ సొన పడితే ఆ పూటే తుడవాలి, రెండు రోజులు ఎండలో ఉంటే మచ్చ లోపలికి దిగిపోతుంది. ముందు తడిగుడ్డ, పోకపోతే దూదికి రెండు చుక్కల సర్జికల్ స్పిరిట్ అద్ది తేలిగ్గా తుడిచి, కడిగి, ఆ చోట మైనం రాయండి.

36. మే నెల ఈదురుగాలుల్లో చిన్న రసం కాయ పడ్డా బానెట్‌కు సొట్టే, ఇక కలెక్టరు కాయ సంగతి చెప్పక్కర్లేదు. షెడ్డు లేనివాళ్లు కవరు కింద బానెట్ మీద, టాపు మీద పాత బొంతలు పరవండి, సొట్ట తీయించే ఖర్చులో బొంత కుట్టుకూలీ ఎన్నో వంతు?

37. బొంత కింద ఇసుక రేణువు ఉంటే గీత పడుతుంది. అందుకే కడిగి తుడిచిన బండి మీదే పరవాలి, వాన వెలిసిన వెంటనే తీసి ఎండేయాలి.

38. దూరం తిరిగొచ్చిన వేడి బండిని ఎండుటాకుల మీద ఆపకండి. సైలెన్సర్ దగ్గర వేడికి ఆకులు అంటుకుంటాయి, వేసవిలో తోట మొత్తానికి ప్రమాదం.

39. వైపర్ల కింద గాడిలో ఇరుక్కున్న మామిడాకులు, పూత పుల్లలు నెలకోసారి చేత్తో ఏరండి. అక్కడి కన్నం పూడిపోతే మొదటి వానకే నీళ్లు కారు లోపలి తివాచీ కిందకు దిగుతాయి, అడుగున తుప్పు మొదలయ్యేది అక్కడే.

40. కాయలు కారులో వేయకుండా ఉంటేనే మంచిది. తప్పనిసరైతే ముచ్చిక రెండంగుళాలు ఉంచి కోసినవే వేయండి, సొన కారదు. కింద గోనెపట్టా, దాని మీద పాత పేపర్లు వేసి, నున్న మార్కెట్ చేరగానే దించేయండి.

41. కాయలు మాగబెట్టే గడ్డిని, బుట్టలను కారు షెడ్డులో పెట్టకండి. పండు వాసనకు ఎలుక, ఎలుక కోసం పాము, రెండూ వస్తాయి.

ఎలుకలు, పురుగులు

42. ఎలుకలకు చీకటి కావాలి. పగటిపూట షెడ్డు తలుపు వేసి ఉంటే బానెట్ ఎత్తి ఉంచండి, వైర్లు కొరికే బెడద చాలా తగ్గుతుంది, పైసా ఖర్చు లేదు. బానెట్ కింద లైటు వెలుగుతూ ఉంటే మాత్రం బల్బు తీసేయండి, బ్యాటరీ దిగిపోతుంది.

43. ఇంజను పక్కన పొగాకు కాడలు గుడ్డలో మూటగట్టి వేలాడదీయండి, జంగారెడ్డిగూడెం వైపు చుట్టాలుంటే తెప్పించుకోవడం తేలిక. నెలకోసారి మూట మార్చాలి, బండి తీసే ముందు విప్పేయాలి. అయినా అసలు పని చేసేది బోనే, కొబ్బరిముక్క కాల్చి పెట్టండి.

44. విషం పెట్టకండి. తిన్న ఎలుక వెళ్లి డాష్‌బోర్డు వెనకో, ఏసీ గొట్టంలోనో చస్తే ఆ వాసన నెలరోజులు పోదు, డాష్‌బోర్డు విప్పించే కూలి అదనం.

45. కారులో బిస్కెట్లు, మరమరాలు, ప్రసాదం పొట్లాలు ఏవీ మిగల్చకండి. సీట్ల సందుల్లో రాలిన ముక్కలు కూడా దులిపేయండి.

46. నెల దాటి నిలబడ్డ బండిని స్టార్ట్ చేసే ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత తీసి చూడండి. పీచు, గుడ్డముక్కలు, గింజలు కనిపిస్తే ఎలుక కాపురం పెట్టినట్టే, శుభ్రం చేశాకే తాళం తిప్పండి.

47. తోట ఇళ్లలో బానెట్ ఎత్తే ముందు చేత్తో రెండు దెబ్బలు చరచండి, కొంచెం ఆగండి. పామైనా పిల్లైనా తప్పుకోవడానికి దారిచ్చినట్టు అవుతుంది.

48. మట్టిగూడు కట్టే కందిరీగలు ఏసీ నీళ్లు కారే గొట్టాన్ని పూడ్చేస్తాయి. ఏసీ వేసినా కారు కింద నీటి చుక్క కనబడకపోతే ఆ గొట్టంలో మెత్తటి తీగ పెట్టి కదిపి చూడండి, మెకానిక్కుతో పనిలేదు.

49. సైలెన్సర్ మూతికి స్టీలు గిన్నెలు తోమే పీచు కుక్కి, దానికి పొడవాటి ఎర్ర రిబ్బను కట్టండి. ఎలుక దూరదు, స్టార్ట్ చేసే ముందు తీయాలన్న సంగతి రిబ్బనే గుర్తుచేస్తుంది.

షెడ్డు, కడగడం

50. ఎర్రమట్టి నేల మీద నేరుగా బండి నిలపకండి, వానలకు కింద నుంచి తేమ ఎగదన్ని అడుగుభాగం తుప్పుపడుతుంది. నాలుగు వరసల నాపరాళ్లు పరిస్తే ఆయిల్ చుక్క ఎక్కడ కారుతోందో కూడా తెలిసిపోతుంది.

51. యూరియా, పొటాష్ బస్తాలు, బ్లీచింగ్ పొడి ఆ షెడ్డులో ఉండకూడదు, తుప్పుకు వాటిని మించినవి లేవు. పశువుల కొట్టం కూడా ఒక గోడ అవతల కాకుండా దూరంగా ఉండాలి.

52. టార్పాలిన్ పట్టా కప్పకండి, లోపల చెమట పట్టి పెయింటు పొక్కుతుంది. గాలి ఆడే గుడ్డ కవరు కొనండి.

53. తడిసిన బండి మీద కవరు కప్పవద్దు. అంతే.

54. బోరు నీళ్లతో కడిగితే ఆరనివ్వకుండా వెంటనే తుడవండి, లేకపోతే సున్నపు చుక్కలు మిగులుతాయి. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత నేత చీర ముక్కలు ఇందుకు బాగుంటాయి, జరీ అంచు కత్తిరించేయాలి.

55. గిన్నెల సబ్బు, బట్టల పొడి వాడకండి, మైనం పొర ఊడిపోతుంది. కార్ షాంపూ చిన్న సీసా ఏడాది వస్తుంది, రెండు బకెట్లు పెట్టుకుని ఒకదానిలో సబ్బు నీళ్లు, ఇంకోదానిలో గుడ్డ జాడించే నీళ్లు ఉంచితే దుమ్ము మళ్లీ బండెక్కదు.

56. తలుపు రబ్బర్లకు కొబ్బరినూనె రాయకండి, దుమ్ము పట్టి పాకం అవుతుంది. తుడిచి కాస్త ముఖానికి రాసుకునే పౌడరు అద్దితే వేసవిలో అతుక్కోవు, చిరగవు.

57. గోవాలో తయారైన రెండు సీట్ల శాన్ స్టార్మ్ ఎవరి దగ్గరైనా ఉంటే, దాని బాడీ ఫైబర్ కాబట్టి పైకి తుప్పు కనబడదు. కింద ఇనుప ఛాసిస్‌ను మాత్రం ఏటా వానాకాలం అయ్యాక లైటు వేసి చూడండి.

58. ఆయుధ పూజకు పసుపు, కుంకుమ పెయింటు మీద కాకుండా అద్దం మీద పెట్టండి, మరక పడదు. చక్రాల కింద నలిగిన నిమ్మరసం అల్లాయ్ రిమ్ముల మీద చిందితే ఆ సాయంత్రమే నీళ్లతో కడిగేయండి, కొబ్బరికాయ బంపర్‌కు దూరంగా కొట్టండి.

59. ఎండాకాలం ముందు అద్దానికి లోపల వెండి రంగు తెర పెట్టండి, డాష్‌బోర్డు పగలదు. షెడ్డులో ఉన్నా మధ్యాహ్నం ఎండ ఎటునుంచి పడుతుందో ఒకసారి చూసుకోండి.

కాగితాలు, డబ్బు

60. రిజిస్ట్రేషన్ మొదటి 15 ఏళ్లకే, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఫీజు 5,000 రూపాయలైంది, 2025 ఆగస్టులో 20 ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు, గ్రీన్ ట్యాక్స్ వేరే. ఆలస్యమైతే నెలకు 500 అదనం, అందుకే గడువు నెల గోడ క్యాలెండరులో ఎర్రగా చుట్టేయండి.

61. ఢిల్లీలో పాత కార్లు ఆపేస్తున్నారన్న వార్త విని కంగారుగా అమ్ముకోకండి, ఆ ఆంక్షలు అక్కడివి. మన దగ్గర బండి తనిఖీలో నెగ్గితే రెన్యువల్ అవుతుంది.

62. తనిఖీకి వెళ్లే ముందు రోజు లైట్లు, హారను, వైపర్లు, బ్రేకు లైట్లు ఇద్దరు కలిసి చూసుకోండి. ఒక్క బల్బు కోసం రెండోసారి తిరిగే పెట్రోలు, రోజు కూలి మిగులుతాయి.

63. పొల్యూషన్ సర్టిఫికెట్ ఈ పాత బళ్లకు ఆరు నెలలే, బీఎస్ 4 నుంచి ఏడాది. హనుమాన్ జంక్షన్ నుంచి వేడి వేడిగా తిరిగొచ్చేటప్పుడు పరీక్ష చేయించండి, కాగిన ఇంజను పొగ శుభ్రంగా ఉంటుంది.

64. తిరగడం లేదని ఇన్సూరెన్స్ ఆపకండి. 90 రోజులు దాటితే ఇన్నేళ్లు కూడబెట్టిన నో క్లెయిమ్ బోనస్ పోతుంది, రోడ్డెక్కిన రోజు థర్డ్ పార్టీ లేకపోతే నేరం కూడా.

65. పాత బండి కొనబోయేవాళ్లు ఇంజను సీసీ చూడండి. 2022 జూన్ నాటి రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ ప్రీమియం 1,000 నుంచి 1,500 సీసీ లోపు 3,416 రూపాయలు, ఆపైన 7,897. 1,493 సీసీ ఉన్న సిటీ వీటెక్ చవక గడిలో పడుతుంది, 1,596 సీసీ ఉన్న మా పాలియో పడదు.

66. విజయవాడ ఆటోనగర్‌కు సామాను కోసం వెళ్తే పాత ముక్క, దాని మీది నంబరు ఫొటో, ఛాసిస్ నంబరు మూడూ తీసుకెళ్లండి. ఉదయమే వెళ్లి నాలుగు కొట్లు అడగండి, ఒకే సామానుకు ధరలో తేడా మీకే తెలుస్తుంది.

67. ఫియట్‌లాంటి కంపెనీల కార్ల అమ్మకం మన దేశంలో ఆగిపోయింది కాబట్టి హెడ్‌లైటు, వెనక లైటు అద్దాలు, తలుపు పిడులు, అద్దాలెత్తే మిషన్లు కనిపించినప్పుడే కొని అటక మీద పెట్టండి. రబ్బరు సామాను మాత్రం నిల్వ చేయకండి, బెల్టులు, గొట్టాలు అటక మీద కూడా ముసలివవుతాయి.

68. పెద్ద రిపేరు వస్తే కాయ కోతలయ్యాక పెట్టుకోండి. మే, జూన్‌లలో మెకానిక్కులందరూ కాయలు మోసే ట్రాలీ ఆటోలు, లారీల మీదే ఉంటారు, ఆషాఢంలో అయితే మీ బండికి తీరిగ్గా చెయ్యి పడుతుంది.

69. మెకానిక్కును ఎంచుకునేటప్పుడు మీ మోడలు ఇంకెవరిదైనా చేశాడా అని అడగండి, చేసిన బండి వాళ్లతో ఒక్కసారి మాట్లాడండి. మార్చిన పాత సామాను డిక్కీలో వేసి ఇమ్మని పని మొదలయ్యే ముందే చెప్పండి.

70. అబ్బాయి అమెరికా నుంచి సెలవులకు వస్తుంటే నెల ముందే బండి సిద్ధం చేయడం మొదలుపెట్టండి. మొదటి వారం బ్యాటరీ, గాలి. రెండో వారం హనుమాన్ జంక్షన్ ప్రయాణం. ఏదైనా తేడా కనబడితే ఆటోనగర్ వెళ్లడానికి ఇంకో రెండు వారాలుంటాయి, వాడు దిగిన రోజు తాళం చేతికివ్వొచ్చు.